కడుపులో పడుకున్నవాడు

తిగ్మీ ఉఫెల్లా, అజీలాల్ కొండలు
అక్టోబరు

అక్కా యమ్నా,

సలాం. ముందు కూర్చో. చేతిలో సూదులూ రక్తం గొట్టాలూ ఉంటే పక్కన పెట్టు. నాకు నెల తప్పింది. ఒకటి కాదు, ఎనిమిది.

ఎనిమిది నెలలైతే ఇంకా చెప్పలేదేమని తిడతావు, తెలుసు. కడుపు పెరగడం లేదు, అందుకే చెప్పలేదు. ఒళ్లు మాత్రం పెరిగింది. ముఖం ఉబ్బింది, వేలికి ఉంగరం పట్టడం లేదు. మా అత్తగారు లల్లా ఇజ్జా మొన్న నన్ను పడుకోబెట్టి పొట్ట నొక్కి చూసింది. చూసి, అక్రోట్లు ఒలుస్తున్న ఆడవాళ్లందరి ముందుకీ వచ్చి, నల్లబడ్డ చేతులు తుడుచుకుంటూ, "మా తూదా కడుపులో మగపిల్లాడు పడుకున్నాడు" అని ప్రకటించేసింది.

నవ్వకు. మన అమ్మ పినతల్లికి పిల్ల కడుపులోనే మూడేళ్లు నిద్రపోయి, తర్వాత లేచి పుట్టిందని నువ్వే నాకు చెప్పేదానివి. నాదీ అంతే. కావాలంటే ఇంకో రుజువు. పాలు కూడా పడుతున్నాయి. పిల్లాడు లేకుండా పాలెలా వస్తాయి చెప్పు?

ఆ మాట వినగానే ఫాద్మత్త మొహం చూడాల్సింది. మా ఆయన జాయిద్‌కి ఆవిడ మేనత్త. ఇంట్లో ఏ గొర్రెని కోయాలో, ఎవరికి పెళ్లి చేయాలో ఆవిడే చెప్పాలి. రెండేళ్లుగా ప్రతి శుక్రవారం తన కూతురు రహ్మాని వెంటబెట్టుకొచ్చి, "ఈ గది గాలి బాగా వస్తుంది, మంచం ఇక్కడ పడుతుంది" అని కొలతలు తీసుకుంటోంది. ఆ రోజు కొలతలు లేవు. టీ కూడా తాగకుండా వెళ్లిపోయింది. ఏడేళ్ల కాపురంలో మొదటిసారి నాకు ముందుగా రొట్టె విరిచి పెట్టారు అక్కా.

ఒకటే ఇబ్బంది. చలి. ఆగస్టులో కూడా రెండు దుప్పట్లు కప్పుకున్నాను. మేజోళ్లు పంపించు, మందంగా ఉన్నవి. ఇంకా చెప్పాలని ఉంది కానీ కళ్లు

(ఇది మర్నాడు రాస్తున్నాను. కాగితం మీదే నిద్రపోయాను. ఆ మరక టీది కాదు, నా సొంగ.)

నీ చెల్లెలు
తూదా

*

మరాకేష్
అక్టోబరు నెలాఖరు

ఒసేయ్ తూదా,

మేజోళ్లు పంపిస్తున్నాను. వాటితో పాటు నాలుగు చివాట్లు కూడా, అందుకో.

నేను పదకొండేళ్లుగా ఆసుపత్రి లేబొరేటరీలో రోజుకి నలభై మంది చేతుల్లో సూది గుచ్చుతున్నాను. కడుపులో నిద్రపోయిన పిల్లాడి రక్తం ఒక్కసారీ దొరకలేదు. చిన్నప్పుడు నేను చెప్పిన కథలన్నీ నమ్ముతావా? చంద్రుణ్ణి మనింటి గాడిద మింగిందని కూడా చెప్పాను.

అడిగినవాటికి జవాబు రాయి, దాచకు. విరేచనం సరిగ్గా అవడం లేదా? జుట్టు రాలుతోందా? గొంతు బొంగురుపోయిందా? పోయిన పండక్కి వచ్చినప్పుడు నువ్వు "అక్కా" అంటే గుమ్మంలో మామయ్య వచ్చాడనుకున్నాను, అప్పుడే అడగాల్సింది. నెలసరి ఆగే ముందు అస్తవ్యస్తంగా వచ్చేదా? మెడ తడిమి చూసుకో, ముందువైపు వాపుందా? మీ కొండల్లో సగం మంది ఆడవాళ్లకి మెడ కింద ఆ వాపుంటుంది. అది అందమని దాని మీద అంబరు పూసల దండ వేసుకుంటారు. మీ అత్తగారి మెడ నాకు బాగా గుర్తుంది.

నాకు అనుమానం మెడలో ఉండే థైరాయిడ్ గ్రంథి మీద. ఒక్క గొట్టం రక్తం చాలు, తేలిపోతుంది. జాయిద్‌తో చెప్పి మరాకేష్ బస్సెక్కు. నీ కడుపులో ఎవరూ పడుకోలేదు, పడుకున్నది నువ్వు.

యమ్నా

*

తిగ్మీ ఉఫెల్లా
నవంబరు

అక్కా,

నువ్వడిగినవన్నీ అవును. అన్నింటికీ అవునే. అయినా నేను రాను.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. పోయిన వారం ఫాద్మత్త పెద్దలందర్నీ కూర్చోబెట్టింది. "పడుకున్నవాడు పడుకోనీ, నేను లేపమనడం లేదు. కానీ ఎంతకాలం చూస్తాం? వసంతంలో గొర్రెల ఉన్ని కత్తిరించే దాకా చూద్దాం. అప్పటికీ వాడు కదలకపోతే జాయిద్‌కి రహ్మానిచ్చి చేద్దాం. వాడు లేచినప్పుడు లేస్తాడు, ఈలోగా రహ్మా ఇద్దర్ని కంటుంది" అంది. ఎంత తియ్యగా అందో! పైగా నా తల నిమిరింది.

మా ఆయన ఏమన్నాడంటావా? ఇంట్లో మాట పెరిగిందంటే తను నడిపే లారీ కిందకి దూరతాడు కదా, అక్కడే ఉన్నాడు. బోల్టు బిగిస్తున్నాడట. ఆ లారీకి ఉన్న బోల్టులన్నీ ఆ ఒక్క పూటలో బిగించేశాడు. రాత్రి భోజనం దగ్గర మాత్రం నా కంచంలోకి తన మాంసం ముక్క తోసి, కళ్లు తుడుచుకున్నాడు. ఉల్లిపాయ అన్నాడు. ఆ రోజు కూరలో ఉల్లిపాయే లేదు.

ఇప్పుడు నేను మరాకేష్ వస్తే నువ్వేం తేలుస్తావు? పిల్లాడు లేడని తేలుస్తావు. తేలిన మర్నాడే రహ్మా మంచం వచ్చేస్తుంది. నాకు జబ్బొద్దక్కా, నాకు పిల్లాడే కావాలి. ఎర్ర ఉన్నితో టోపీ కూడా అల్లాను. అల్లుతూ అల్లుతూ నిద్రపోతున్నాను కాబట్టి అది కాస్త పెద్దదైపోయింది, జాయిద్‌కి పడుతుంది. కానీ నేను వాడితో మాట్లాడుతున్నాను. వాడు లేడని నువ్వొక్క ముక్కలో రాసేశావు. రెండు రోజులు ఏడ్చాను.

మేజోళ్లు బాగున్నాయి.

తూదా

*

మరాకేష్
నవంబరు

నా బంగారు తూదా,

తప్పు నాదే. రోజంతా చీటీల మీద అంకెలు చూసే కళ్లు ఇవి. మనుషులకి రాసేటప్పుడు కూడా చీటీ రాసినట్టే రాస్తాను. కోపం పోనిచ్చి ఇది నిదానంగా చదువు. నిద్రొస్తే ఆపి, లేచాక చదువు.

నీ మెడలోని గ్రంథి పని ఎగ్గొడుతోంది. తల అడుగున శనగగింజంత ఇంకో గ్రంథి ఉంది, అదే మీ ఫాద్మత్త అనుకో. అది ఊరుకోదు. "లే, పనిచెయ్యి!" అని పైనుంచి కేకలు పెడుతుంది. మెడలోదానికి చీమ కుట్టినట్టయినా ఉండదు. కానీ ఆ కేకల హడావుడికి పాలు పట్టించే హార్మోను కూడా ఉలిక్కిపడి, పిలుపు తనకే అనుకుని పని మొదలెడుతుంది. నీ పాలు అవే. ఆ హార్మోను పెరిగిందంటే అండాశయాలకి వెళ్లే కబురు ఆగిపోతుంది. "ఈవిడ చంటిబిడ్డకి పాలిస్తోంది, ఇప్పుడప్పుడే ఇంకో గుడ్డు వద్దు" అని ఒళ్లు అనుకుంటుంది. గుడ్డు లేదు, నెలసరి లేదు, పిల్లలూ లేరు. పుట్టని బిడ్డకి నీ ఒళ్లు ఇన్ని నెలలుగా పాలిస్తోంది తల్లీ.

ఇందులో ఏడవాల్సిందేమీ లేదు. మెడలోది ఇవ్వాల్సిన సరుకు ఒక చిన్న మాత్రలో ఉంటుంది. అది వేసుకుంటే పైనున్న ఫాద్మత్త అరవడం మానేస్తుంది, పాలు ఆగుతాయి, నెలసరి వస్తుంది. అది సక్రమంగా వస్తే కడుపూ పండుతుంది. నా బల్ల ముందు కూర్చున్నవాళ్లలో అలా ఎందరో చంకన బిడ్డతో తిరిగొచ్చారు. నీకూ అవుతుందని ఒట్టేసి చెప్పలేను. ఊరికే కూర్చుంటే కాదని మాత్రం ఒట్టేస్తాను.

ఇక ఉపాయం. మరాకేష్‌లో మహిమగల ఏడుగురు పుణ్యపురుషుల, ఆ వలీల గోరీలున్నాయి. పడుకున్న పిల్లాణ్ణి లేపమని వేడుకోడానికి వెళ్తున్నానని చెప్పు. ఫాద్మత్త కూడా కాదనలేదు. వలీలు ఏడుగురు, నా సూది ఎనిమిదోది.

నీ అక్క

*

తిగ్మీ ఉఫెల్లా
డిసెంబరు

అక్కా,

ఒప్పుకున్నారు! కానీ పుట్టి మునిగింది. లల్లా ఇజ్జా కూడా వస్తానంటోంది. "నా మనవణ్ణి లేపేటప్పుడు నేను లేకపోతే ఎలా?" అంది. మూడు కోళ్లూ ఒక బస్తా అక్రోట్లూ నీ ఇంటికి తెస్తోంది. ఆవిడ కళ్లబడకుండా నా రక్తం ఎలా తీస్తావో నువ్వే చూసుకో. ఆవిడకి చీమ నడిచినా వినిపిస్తుంది.

గురువారం సంతకి వెళ్లే లారీలో బయల్దేరుతున్నాం.

తూదా

*

మరాకేష్
డిసెంబరు నెలాఖరు

తూదా,

మీరు వెళ్లాక రెండు రోజులు ఇల్లు ఊడ్చాను. ఒక కోడి ఇంకా బీరువా మీదే ఉంది, దిగనంటోంది.

చీటీ వచ్చింది. థైరాయిడ్‌ని లేపడానికి తల అరిచే అరుపుకి కూడా ఒక అంకె ఉంటుంది. నాలుగైదు లోపు ఉండాలి. నీది తొంభై రెండు. డాక్టరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది. "ఈ అమ్మాయి నా గది దాకా నడిచొచ్చిందా?" అని అడిగింది. అవునండీ, ఏడు గోరీలు కూడా తిరిగిందని చెప్పాను.

మాత్రలు ఇందులో పెట్టాను. రోజూ పొద్దున్నే పరగడుపున ఒకటి, మంచినీళ్లతో. తర్వాత అరగంట దాకా టీ లేదు, రొట్టె లేదు. టీ లేకుండా అరగంట బతకలేనని రాయకు. మొదటి నెలలో ఏమీ తెలియదు, మానెయ్యకు. పాకెట్ ఉప్పు కూడా పంపిస్తున్నాను, మీ కొండ రాతి ఉప్పులో లేని అయోడిన్ ఇందులో ఉంది, మెడలో గ్రంథికి అదే తిండి.

మీ అత్తగారికి భయపడకు. ఇవి పిల్లాడికి బలం మాత్రలని చెప్పాను. నువ్వు నా మంచం మీద గురకపెడుతున్నప్పుడు ఆవిడా నేనూ వంటింట్లో చాలాసేపు మాట్లాడుకున్నాం. ఏం మాట్లాడుకున్నామో అడగొద్దు. మాటిచ్చాను.

యమ్నా

*

తిగ్మీ ఉఫెల్లా
మార్చి

అక్కా!

చూశావా, ఉత్తరం మధ్యలో నిద్రపోకుండా రాస్తున్నాను. జనవరి అంతా నీ మాత్రలకి ఉలుకూ పలుకూ లేదు. తర్వాత ఒకరోజు పొద్దున్నే లేచి కూర్చున్నాను. ఎవరూ లేపలేదు. అటక మీద సామాను దించి కడిగేశాను. తివాచీలు ఉతికేశాను. మర్నాడు ఇంకా ఓపిక మిగిలితే జాయిద్ లారీ కూడా కడిగాను. గొంతు తిరిగొచ్చింది. పాటెత్తుకుంటే లల్లా ఇజ్జా, "ఇంట్లోకి ఎవరో కొత్తమ్మాయి వచ్చిందే" అంది. మేజోళ్లు పెట్టెలో పెట్టేశాను. అన్నట్టు నీ ఉప్పుని మా అత్తగారు "పట్నం సున్నం" అని గొర్రెలకి వేసేసింది.

కానీ ఇంకో రెండు సంగతులు. పాలు ఆగిపోయాయి. పోయిన వారం నెలసరి వచ్చేసింది.

నువ్వు సంతోషిస్తావు. నాకు మాత్రం భయం పట్టుకుంది. పడుకున్న పిల్లాడున్నదానికి నెలసరి ఏంటి? ఎవరూ లేని వేళ చూసి వాగులో గుడ్డలు ఉతుకుతున్నాను. ఎదురుగా ఫాద్మత్త! నీళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆవిడ నీళ్లకేసి చూసింది, నాకేసి చూసింది. "ఏమిటే అది?" అంది.

అప్పుడు వెనకనుంచి లల్లా ఇజ్జా పరుగెత్తుకొచ్చింది. చేతిలో మెడ కోసిన కోడి. రక్తం ఇంకా కారుతోంది. "తూదా, గౌనంతా చిందించుకున్నావు కదే! కోడిని సరిగ్గా పట్టుకోమన్నానా లేదా?" అని నన్ను తిట్టి, ఫాద్మత్త వైపు తిరిగి, "రాత్రికి భోజనానికి రా వదినా, కోడి కోశాం" అంది. అది మా పెద్ద పుంజు అక్కా! పొద్దున్నే అందర్నీ లేపేది. పాపం దానికేం తెలుసు.

ఫాద్మత్త వచ్చి రెండు తొడలూ తినేసి వెళ్లింది. లల్లా ఇజ్జా నన్ను ఒక్క మాటా అడగలేదు. పడుకోబోయే ముందు మాత్రం, "ఇంకా రెండు పుంజులున్నాయి, చూసుకుని ఉతుక్కో" అంది. అక్కా, ఈవిడకి ఏం తెలుసు? ఎప్పటినుంచి తెలుసు?

తూదా

*

మరాకేష్
మార్చి

తూదా,

ఇచ్చిన మాట తప్పుతున్నాను. పుంజు ప్రాణం పోయాక ఇంకా దాచడం న్యాయం కాదు.

ఆ రోజు వంటింట్లో నేను టీ పోస్తుంటే మీ అత్తగారు, "ఆ అమ్మాయి రక్తం ఎప్పుడు తీస్తావు? నేను పక్కకి వెళ్లాలా?" అని అడిగింది. నా చేతిలో కెటిల్ జారింది. "పిల్లాణ్ణి లేపడానికి కదా వచ్చారు" అన్నాను. "ఏ పిల్లాడు?" అంది.

అప్పుడు చెప్పింది. పెళ్లయిన నాలుగేళ్లదాకా తనకీ కడుపు పండలేదట. ఇదే ఫాద్మా, అప్పటికి పదిహేనేళ్లది, అన్నకి ఇంకో పిల్లని చూడమని ఇల్లెక్కి గోల పెట్టిందట. అప్పుడు మీ అత్తగారికి అత్తగారైనావిడ ఒక సంతరోజు అందరి ముందూ, "ఇజ్జా కడుపులో పిల్లాడు పడుకున్నాడు, ఎవరూ గోల చేయకండి" అందట. ఇంక ఎవరూ నోరెత్తలేదు. రెండేళ్లకి జాయిద్ పుట్టాడు. "నా కడుపులో ఎవరూ పడుకోలేదు. ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. మేమిద్దరం ఒక్కసారి కూడా ఆ మాట అనుకోలేదు. నీ చెల్లెల్ని చూసినప్పుడు అదే గుర్తొచ్చింది" అంది. అని, నా చెయ్యి పట్టుకుని, "వాడు పడుకున్నాడని చెప్పి కాస్త గడువు ఇప్పించాను. ఇంతకుమించి నాకు చేతకాదు. మిగతాది నువ్వు చెయ్యి" అంది. నీకెందుకు చెప్పలేదని అడిగితే, "దానికి అబద్ధం చేతకాదు. ఫాద్మా ముందు ముఖం చూస్తేనే దొరికిపోతుంది. నిజమనుకుంటేనే బాగుంటుంది" అంది.

నేను కూర్చుని ఏడ్చాను. ఆవిడేమో అక్రోట్లు పగలగొట్టుకుంది.

ఆవిడ రక్తం కూడా తీశాను. ఆవిడకీ మాత్రలు కావాలి. "ఈ వయసులో నాకెవరు పుడతారు?" అని నవ్వేసింది. నువ్వు ఒప్పించు.

యమ్నా

*

తిగ్మీ ఉఫెల్లా
మే

అక్కా,

ఇవాళ ఉన్ని కత్తిరింపు. ఇల్లంతా గొర్రెల కంపు. ఫాద్మత్త పొరుగూరి మంత్రసానిని వెంటేసుకొచ్చింది, నా పొట్ట నొక్కించడానికి. రహ్మా కూడా వచ్చింది. పాపం ఆ పిల్ల నా పక్కకొచ్చి, "వదినా, నాకు లారీవాడు వద్దు, పోస్టాఫీసు గుమాస్తా కావాలి. ఎలాగైనా కనేయి" అని చెవిలో చెప్పింది.

పెద్దలంతా కూర్చున్నారు. ఫాద్మత్త గొంతు సవరించుకుంది. అప్పుడు జాయిద్ లారీ కింద నుంచి బయటికొచ్చాడు. ఒళ్లంతా నూనె. "అత్తా, వాడు లేచినా లేవకపోయినా నేను రహ్మాని చేసుకోను. నాకు తూదా చాలు" అన్నాడు. గొంతు వణికింది, కానీ అన్నాడు. అని మళ్లీ లారీ కిందకి వెళ్లిపోయాడు. బయటికి కాళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. ఆ కాళ్లని ముద్దుపెట్టుకోవాలనిపించింది.

మంత్రసాని నొక్కింది. ఏమీ చెప్పలేక నసిగింది. లల్లా ఇజ్జా మాత్రం టీ పోస్తూ, "చూడక్కర్లేదు. లేచాడు" అంది. ఎలా తెలుసని ఫాద్మత్త అడిగితే టీ గ్లాసు చేతిలో పెట్టింది.

నీకు చెప్తాను. మార్చిలో రెండో పుంజు పోయింది. ఏప్రిల్ నెలాఖరుకి మూడోదాని వంతు. లల్లా ఇజ్జా కత్తి నూరి పెట్టుకుంది. ఒక వారం చూశాం, రెండు వారాలు చూశాం. అక్కా, మూడో పుంజు ఇంకా కూస్తోంది.

తూదా

*

మరాకేష్
మే

తూదా!

ఉత్తరం చదివి లేబొరేటరీలో కేకపెట్టాను. సూది కోసం చెయ్యి చాపిన పెద్దమనిషి లేచి పారిపోయాడు.

ఆ పుంజుని ఎవరూ ముట్టుకోవద్దు. నువ్వు వెంటనే రా, రక్తం చూడాలి. కడుపుతో ఉన్నప్పుడు మాత్ర ఇంకాస్త పెంచాలి, మానడం కాదు. ఎవరైనా "పిల్లాడు లేచాడు కదా, మాత్రెందుకు" అంటే నా దగ్గరికి పంపించు. జాయిద్‌ని తీసుకురా. వాణ్ణి నేను సరిగ్గా చూడనేలేదు, ఎప్పుడూ పాదాలే చూశాను.

అక్క

*

తిగ్మీ ఉఫెల్లా
జనవరి

అక్కా,

మంచు తెగ పడుతోంది, లారీ కదిలాక ఈ ఉత్తరం నీకు అందుతుంది. పుట్టింది. నేను బాగున్నాను. ఏడుపు కొండ అవతలిదాకా వినిపించింది, ఈ పిల్ల మెడలో గ్రంథికి ఏ లోటూ లేదనుకుంటాను. నువ్వు చెప్పినట్టు రక్తం మాత్రం చూపిస్తాం.

అవును, పిల్ల. ఆడపిల్ల.

ఫాద్మత్త తలుపు తోసుకుని వచ్చింది. దుప్పటి ఎత్తి చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఏడాదికి పైగా మగపిల్లాడు పడుకున్నాడు, మగపిల్లాడు పడుకున్నాడన్నారు. ఏడీ వాడు?" అంది. జాయిద్ ఈసారి లారీ కిందకి వెళ్లలేదు, నా పక్కనే నిలబడ్డాడు.

లల్లా ఇజ్జా సూప్ గిన్నె దింపింది. ఉప్పు వేసింది. నీ పాకెట్ ఉప్పే. పోయినేడాది గొర్రెలు బాగా ఈనాయని ఇప్పుడు మా అందరికీ అదే వేస్తోంది. తన పొద్దుటి మాత్ర కూడా మానడం లేదు, ఈమధ్య నాకంటే ముందే లేచి నన్ను తిడుతోంది. పిల్లని ఒళ్లోకి తీసుకుని, నేను మొదట్లో అల్లిన ఆ పెద్ద ఎర్ర టోపీలో మొత్తంగా చుట్టింది. చుట్టి, ఫాద్మత్త చేతుల్లో పెట్టి, "దీనికి నీ పేరే పెడుతున్నాం. ఏడో రోజు వేడుకకి పొట్టేలు నువ్వే తేవాలి" అంది. పిల్ల ఫాద్మత్త వేలు గట్టిగా పట్టుకుంది. అంతటావిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి, నేను చూశాను.

అయినా ఫాద్మత్త ఫాద్మత్తే. గొంతు తగ్గించి, "మరి మగపిల్లాడో?" అని అడిగింది.

లల్లా ఇజ్జా నాకేసి ఒక్కసారి చూసింది. మొదటిసారి నేను కూడా, ముఖంలో ఏమీ తెలియనివ్వకుండా, ఆవిడకేసి చూశాను.

"ఇది వాడి అక్క, తోసుకుని ముందొచ్చేసింది. వాడింకా పడుకునే ఉన్నాడు వదినా" అంది లల్లా ఇజ్జా. "మెల్లగా మాట్లాడు."

మాత్రలు అయిపోవస్తున్నాయి. ఇద్దరికీ పంపించు.

నీ చెల్లెలు
తూదా